నలోక్సోన్ శిక్షణకు 40 నిమిషాలే ఉన్నాయి: ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి?

ఎడిసన్_కమిటీ:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో మన తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్ల కోసం ఓవర్‌డోస్ మీద ఒక శిక్షణ పెడుతున్నాం. హాలు 40 నిమిషాలకే దొరికింది. వచ్చేవాళ్లలో సగానికి పైగా మాస్టర్స్ చదివే పిల్లలు. మిగతావాళ్లు మోటెళ్లు, గ్యాస్ స్టేషన్లు నడిపే కుటుంబాల వాళ్లు, ఇండియా నుంచి వచ్చిన కొందరు తల్లిదండ్రులు. నలోక్సోన్, అంటే నల్లమందు జాతి మందులు మోతాదు మించినప్పుడు (ఓవర్‌డోస్) ఊపిరిని తిరిగి తెచ్చే విరుగుడు, ఏ రకం తెచ్చుకోమనాలి, ఎన్ని ఉంచుకోమనాలి, చట్టం గురించి ఎంతవరకు మాట్లాడాలి, ఇవి తేల్చుకోవాలి. ఇప్పటికి మా దగ్గర 32 స్లైడ్లు ఉన్నాయి. ఎక్కువే అని తెలుస్తోంది, ఏవి తీసేయాలో తెలియడం లేదు.

ఎమర్జెన్సీ_నర్సు:
32 స్లైడ్లూ పక్కన పెట్టండి. మొదటి పది నిమిషాలు ఒకే మాట మీద నిలబడండి: గురక.

నల్లమందు జాతి మందులు, అంటే హెరాయిన్, మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటివి, మోతాదు మించితే మెదడులో ఊపిరిని నడిపే భాగాన్ని మందగింపజేస్తాయి. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి మాత్రం నిమిషానికి పన్నెండు నుంచి ఆరుకి, ఆరు నుంచి రెండుకి దిగిపోతుంది. నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుతుంది. అప్పుడు వచ్చే చప్పుడు గురకలాగే ఉంటుంది, కొన్నిసార్లు గరగరలాడుతుంది. పక్క గదిలో వాళ్లు అది విని “అలసిపోయాడు, పడుకోనీ” అనుకుంటారు. పొద్దున లేచి చూసేసరికి మనిషి ఉండడు. ఈ ఒక్క పొరపాటు జరగకుండా ఆపగలిగితే మీ శిక్షణ ఫలించినట్టే.

చూడవలసినవి ఇవి. పేరు పెట్టి గట్టిగా పిలిచి, భుజం పట్టి కుదపాలి. పలకకపోతే పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దాలి. నిద్రలో ఉన్నవాడైతే ఆ నొప్పికి కచ్చితంగా చెయ్యి తోసేస్తాడు. కదలకపోతే పది సెకన్లు ఛాతీని చూడండి: లేస్తోందా, ఎన్నిసార్లు? పెదాలు, గోళ్లు నీలంగా మారాయా? మన చామనఛాయ ఒంటి మీద నీలం తేలిగ్గా కనపడదు. అందుకే పెదవి లోపలి భాగం, చిగుళ్లు, గోళ్ల కింద చూడమని చెప్పండి. అక్కడ బూడిద రంగు తేలుతుంది. కనుపాప సూదిమొనంత చిన్నదైపోవడం కూడా ఒక గుర్తే, కానీ దానికోసం టార్చి వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు.

తర్వాత వరస: 911కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టడం, స్ప్రే, ఊపిరి. స్ప్రే చేతికి అందేలా ఉంటే ఫోన్ మోగుతుండగానే కొట్టేయొచ్చు. ఊపిరి ఇవ్వడం ఇలా: వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ప్రతి 5 సెకన్లకు ఒక ఊపిరి. ఛాతీ లేచేంత చాలు, బెలూన్ ఊదినట్టు ఊదితే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది. మనిషి అసలు ఊపిరే తీసుకోకపోతే, గుండె ఆడుతోందో లేదో మీకు తేలకపోతే, నాడి వెతుకుతూ కూర్చోకుండా ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. 911లో ఉన్న మనిషి లెక్కపెట్టి చెబుతారు.

ఊపిరి తిరిగొచ్చాక ఎడమ పక్కకు తిప్పి, పై మోకాలు ముందుకు మడిచి, చెయ్యి చెంప కింద పెట్టండి. వాంతి వస్తే బయటికి పోతుంది.

చిత్తూరు_చిన్నోడు:
మా పెద్దవాళ్లు ఇలాంటప్పుడు ఉప్పునీళ్లు పట్టించి కక్కించేవాళ్లు. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం కూడా. వీటివల్ల ఏమైనా ఉపయోగముందా అండీ? హాల్లో కచ్చితంగా ఎవరో ఒకరు అడుగుతారు.

ఎమర్జెన్సీ_నర్సు:
మంచి పని చేశారు అడిగి. స్పృహ లేని మనిషికి మింగే శక్తి ఉండదు. నోట్లో పోసిన ఉప్పునీళ్లు, మజ్జిగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఓవర్‌డోస్ నుంచి బయటపడ్డవాడు కూడా ఆ తర్వాత న్యుమోనియాతో పోవచ్చు. చన్నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడుతుంది, బాత్‌రూమ్‌లో జారి తల పగులుతుంది, మందు మాత్రం దిగదు. చెంపదెబ్బలు కూడా అంతే. పెద్దవాళ్లని తప్పుబట్టినట్టు కాకుండా, “నోటి ద్వారా ఏదీ వద్దు” అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోండి.

ఫార్మసీ_కౌంటర్:
మందు సంగతి నేను రాస్తాను.

ముక్కులో కొట్టే నలోక్సోన్ 4 మిల్లీగ్రాముల స్ప్రే (నార్కాన్, దాని జెనరిక్‌లు) 2023 మార్చి నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మొచ్చు. పెట్టెలో రెండు ఉంటాయి, షెల్ఫ్ మీద కొంటే సుమారు 45 డాలర్లు. కానీ న్యూజెర్సీలో ఉన్నవాళ్లు డబ్బు పెట్టనక్కర్లేదు. నలోక్సోన్365 అనే రాష్ట్ర పథకం 2023 జనవరి నుంచి నడుస్తోంది. 14 ఏళ్లు దాటిన ఎవరైనా ఆ పథకంలో చేరిన ఫార్మసీకి వెళ్లి, పేరు చెప్పకుండా, ఉచితంగా తీసుకోవచ్చు. ఇన్సూరెన్స్ కార్డు అడగరు. పిల్లలకు ఇది ముఖ్యం, ఎందుకంటే ఇన్సూరెన్స్‌లో నమోదైతే ఏమవుతుందో అన్న భయమే చాలామందిని ఆపుతుంది.

వాడేటప్పుడు జరిగే తప్పులు మూడు. మొదటిది, పనిచేస్తోందో లేదో చూద్దామని గాల్లోకి ఒకసారి కొట్టడం. అందులో ఉండేది ఒకే మోతాదు, అలా కొడితే అయిపోయినట్టే. రెండోది, మొన మాత్రమే ముక్కు అంచున పెట్టి నొక్కడం. రెండు వేళ్లు ముక్కు కింద తగిలేంతవరకు లోపలికి పోవాలి, అప్పుడే బొటనవేలితో కింద నుంచి గట్టిగా నొక్కాలి. మూడోది, ఒకటి కొట్టి అర నిమిషంలో లేవలేదని వెంటనే రెండోది కొట్టడం. 2 నుంచి 3 నిమిషాలు ఆగాలి, ఆ నిమిషాల్లో ఊపిరి ఇస్తూ ఉండాలి. అప్పటికీ ఊపిరి రాకపోతే రెండోది ఇంకో ముక్కులో.

నిల్వ: 25 డిగ్రీల సెల్సియస్ లోపు, కొద్దికాలం 40 వరకు తట్టుకుంటుంది. జూలైలో కారు డ్యాష్‌బోర్డు అంతకన్నా వేడెక్కుతుంది. జనవరిలో కారులో వదిలేస్తే మైనస్ 15 దగ్గర గడ్డకడుతుంది, గడ్డకట్టింది స్ప్రే అవ్వదు. అందుకని కారు వద్దు, బ్యాగు మేలు. 2024 నుంచి తయారైన నార్కాన్‌కి గడువు నాలుగేళ్లు. పాతవి మూడేళ్లే. గడువు దాటిందే చేతిలో ఉంటే అదే వాడండి, ఏమీ లేనిదానికన్నా నయం.

8 మిల్లీగ్రాముల స్ప్రే కూడా మార్కెట్లో ఉంది. “ఫెంటనిల్ అంత బలమైనది కదా, రెట్టింపుది కొందాం” అని కౌంటర్ దగ్గర అడుగుతుంటారు. అవసరం లేదు. న్యూయార్క్ రాష్ట్ర పోలీసులు రెండింటినీ వాడి చూసిన లెక్కల్లో బతికినవాళ్ల శాతం ఒకటే, 8 తీసుకున్నవాళ్లలో వాంతుల వంటి విత్‌డ్రాయల్ బాధలు (అలవాటైన మందు ప్రభావం ఒక్కసారిగా ఆగితే వచ్చేవి) దాదాపు రెట్టింపు. మనకు కావలసింది ఊపిరి. మనిషి లేచి కూర్చుని మాట్లాడాలని మందు మీద మందు కొట్టకూడదు.

ఎమర్జెన్సీ_నర్సు:
దీనికి ఒక్క మాట కలుపుతాను. నలోక్సోన్ పని 30 నుంచి 90 నిమిషాలు. మింగిన మందు, ముఖ్యంగా మెథడోన్ లాంటిది, అంతకన్నా చాలాసేపు ఒంట్లో ఉంటుంది. లేచినవాడు “బాగానే ఉన్నా, అంబులెన్సు వద్దు” అని చిరాకుపడతాడు. ఒంటరిగా గదిలోకి వెళ్లి పడుకుంటే గంటన్నర తర్వాత మళ్లీ ఊపిరి ఆగొచ్చు. లేచాక మళ్లీ ఏదీ తీసుకోనివ్వకండి. ఆ బాధకి తీసుకోవాలనిపిస్తుంది, అదే రెండో ఓవర్‌డోస్.

ఇంకొకటి. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల దొరికే సరుకులో జైలజీన్, ఈమధ్య మెడెటోమిడీన్ కలుపుతున్నారు. రెండూ పశువైద్యంలో వాడే మత్తుమందులు, నలోక్సోన్‌కి లొంగవు. కాబట్టి స్ప్రే తర్వాత ఊపిరి బాగా ఆడుతూ మనిషి మాత్రం నిద్రలోనే ఉండొచ్చు. అది స్ప్రే విఫలమైనట్టు కాదు. పక్కకు తిప్పి, ఊపిరి లెక్కపెడుతూ కూర్చోండి.

సూటిగా_అడుగుతా:
నేను పక్కవాళ్ల మనసులో మాట అడుగుతున్నా. అపార్ట్‌మెంట్ గోడకి నలోక్సోన్ తగిలిస్తే, డ్రగ్స్‌లో ఫెంటనిల్ కలిసిందో లేదో చూసే టెస్ట్ స్ట్రిప్పులు పంచితే, “పర్లేదు, వాడుకోండి” అని పిల్లలకు చెప్పినట్టు కాదా? మన పిల్లలకు ఇవెందుకు అని ఒక నాన్నగారు లేచి అడిగితే కమిటీ వాళ్లు ఏం చెబుతారు?

లెక్కల_పుస్తకం:
గౌరవంగా అడిగిన ప్రశ్నకు గౌరవంగానే జవాబు. నలోక్సోన్ మత్తు ఇవ్వదు. ఒంట్లో నల్లమందు జాతి మందు ఉన్నవాడికి కొడితే ఒళ్లు నొప్పులు, చెమట, వాంతులు, వణుకు. ఇది చేతిలో ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుని ఎవరూ ఆ బాధను కోరుకోరు.

షికాగోలో 1996లోనే మత్తుమందులు వాడేవాళ్ల చేతికే నలోక్సోన్ ఇవ్వడం మొదలైంది. మసాచుసెట్స్‌లో 2002 నుంచి 2009 వరకు 19 ఊళ్లను పరిశీలించారు. శిక్షణ, నలోక్సోన్ కొద్దిగా అందిన ఊళ్లలో ఓపియాయిడ్ (నల్లమందు జాతి మందుల) ఓవర్‌డోస్ మరణాల రేటు, అసలు అందని చోట్లతో పోలిస్తే 27 శాతం తక్కువ. లక్ష జనాభాకు వందమందికి పైగా శిక్షణ పొందిన చోట 46 శాతం తక్కువ. ఇందులో పాఠం ఏమిటంటే, పదిమందికి ఇచ్చి ఫొటో తీసుకుంటే చాలదు. ఊరంతా చల్లాలి.

అమెరికా మొత్తంలో ఓవర్‌డోస్ మరణాలు 2023లో సుమారు 1,05,000, 2024లో సుమారు 80,000. తగ్గుదల చాలా పెద్దది, దానికి కారణం ఒక్కటే అని ఎవరైనా అంటే నమ్మకండి. అయినా ఆ 80,000 చిన్న సంఖ్య కాదు.

నలోక్సోన్ ఆ రాత్రిని దాటిస్తుంది. మర్నాటిని దాటించేది చికిత్స. ఫ్రాన్స్ 1995లో మామూలు డాక్టర్లు కూడా బ్యుప్రెనార్ఫిన్ అనే వ్యసన చికిత్స మందును రాసివ్వవచ్చని అనుమతించింది, నాలుగేళ్లలో ఓవర్‌డోస్ మరణాలు 79 శాతం పడిపోయాయి. అమెరికాలో ఆ మందు రాయడానికి డాక్టర్లకు ఉండిన ప్రత్యేక అనుమతి నిబంధన 2022 డిసెంబరులో పోయింది. అంటే మామూలు ఫ్యామిలీ డాక్టరునే అడగొచ్చు. ఈ సంగతి మీ స్లైడ్లలో ఉందో లేదో చూడండి.

అన్నిటికన్నా ప్రమాదం ఆపేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడు. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైన వాళ్లను గమనిస్తే, మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణం ముప్పు మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు. ఒంటికి అలవాటు పోతుంది, చేతికి పాత మోతాదే గుర్తుంటుంది. డీ-అడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికి తెచ్చుకున్న మొదటి నెల కూడా ఇలాంటిదే. మన ఇళ్లలో “నయమైపోయింది” అని ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే.

ఫార్మసీ_కౌంటర్:
“మన పిల్లలకెందుకు” అన్న ప్రశ్నకి నా జవాబు: నకిలీ మాత్రలు. హెరాయిన్ ముట్టని పిల్లవాడు పరీక్షల ముందు ఏకాగ్రతకని స్నాప్‌చాట్‌లో అడరాల్ మాత్ర కొంటాడు, నిద్రకి జానాక్స్ కొంటాడు. అచ్చు అసలుదానిలా ముద్ర కొట్టి, లోపల ఫెంటనిల్ కలుపుతున్నారు. అమెరికా మాదకద్రవ్య నియంత్రణ సంస్థ 2023లో పట్టుకున్న నకిలీ మాత్రల్ని పరీక్షిస్తే పదింటిలో ఏడింటిలో ప్రాణం తీయగల మోతాదు ఉంది, 2024లో పదింటిలో ఐదింటిలో. ఆ మోతాదు వాళ్ల లెక్క ప్రకారం 2 మిల్లీగ్రాములు, పెన్సిల్ మొన మీద పట్టేంత. అలవాటు లేని ఒంటికి ఒక్క మాత్ర చాలు.

ఫెంటనిల్ టెస్ట్ స్ట్రిప్పులు న్యూజెర్సీలో 2022 నుంచి నేరం కాదు. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తమ చట్టం చూసుకోవాలి. వాడే పద్ధతి: కనీసం 10 మిల్లీగ్రాముల పొడిని శుభ్రమైన పొడి మూతలో వేసి అర టీస్పూను నీళ్లు కలపాలి. మెత్‌, ఎమ్‌డీఎమ్‌ఏ లాంటి ఉత్తేజకాలైతే ఒక పూర్తి టీస్పూను, నీళ్లు తక్కువైతే ఫెంటనిల్ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. అలలు గీసిన కొనను 15 సెకన్లు ముంచి, చదునుగా పెట్టి 2 నుంచి 5 నిమిషాలు ఆగాలి. ఇక్కడే అందరూ తడబడతారు: ఒక గీత వస్తే ఫెంటనిల్ ఉంది, రెండు గీతలొస్తే కనపడలేదు. గర్భ పరీక్ష కిట్‌కి ఇది సరిగ్గా తిరగేసినట్టు. శిక్షణలో ఇది రెండుసార్లు చెప్పండి.

రెండు గీతలొచ్చినా భరోసా లేదు. ఫెంటనిల్ రవ్వలడ్డులో జీడిపప్పులా, ఒక కొరుకులో తగులుతుంది, ఇంకో కొరుకులో తగలదు. మాత్ర అంచు గీకి పరీక్షిస్తే మధ్యలో ఉన్నది తప్పిపోతుంది. నిటజీన్ అనే, నల్లమందులాగే పనిచేసే ఇంకో జాతి మందులు ఈ స్ట్రిప్‌కి అసలు చిక్కవు.

ఎడిసన్_కమిటీ:
చాలా ఉపయోగంగా ఉంది. ఒక అమ్మాయి ముందే అడిగింది: పడిపోయిన మనిషిని ముట్టుకుంటే ఫెంటనిల్ మనకు అంటుకుంటుందా? పోలీసులు కళ్లు తిరిగి పడిపోయిన వీడియోలు చూపించింది. ఇంకో ప్రశ్న, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు 911కి చేస్తే వీసాకి ఏమవుతుంది?

ఎమర్జెన్సీ_నర్సు:
ముట్టుకుంటే ఏమీ కాదు. చర్మం మీద పడ్డ పొడి అంత వేగంగా లోపలికి పోదు. ఒంటికి అంటించే ఫెంటనిల్ ప్యాచ్ ప్రత్యేకంగా తయారుచేసినదే, అయినా పనిచేయడానికి గంటలు పడుతుంది. అమెరికా టాక్సికాలజీ వైద్యుల సంఘం 2017లోనే ఈ మాట రాతపూర్వకంగా చెప్పింది. చేతికి పొడి అంటితే సబ్బునీళ్లతో కడగండి, శానిటైజర్ వద్దు. ఈ భయంతో ఊపిరి ఇవ్వకుండా నిలబడిపోవడమే అసలు ముప్పు.

చట్టం_పేజీ:
చట్టం సంగతి జాగ్రత్తగా చెప్పాలి. న్యూజెర్సీలో 2013 నాటి ఓవర్‌డోస్ ప్రివెన్షన్ యాక్ట్ ప్రకారం, మంచి ఉద్దేశంతో వైద్యసాయం కోసం ఫోన్ చేసినవారిని, పడిపోయినవారిని కూడా, వాడినందుకూ దగ్గర ఉంచుకున్నందుకూ అరెస్టు చేయడానికి, కేసు పెట్టడానికి వీల్లేదు. అమ్మినవారికి, ఇచ్చినవారికి ఈ రక్షణ లేదు.

ఇక్కడో మెలిక ఉంది. స్నేహితుడికి ఒక మాత్ర ఊరికే ఇచ్చినా చట్టం దృష్టిలో అది పంపిణీయే. ఆ మాత్ర వల్ల మనిషి చనిపోతే, చంపే ఉద్దేశం లేకపోయినా, న్యూజెర్సీలో అది అత్యంత తీవ్రమైన నేరాల తరగతిలోకి వస్తుంది. అంటే ఫోన్ చేయడానికి అందరికన్నా ఎక్కువ భయపడేది ఎవరో, పడిపోయిన మనిషి బతకడం అందరికన్నా ఎక్కువ అవసరమైనదీ వాళ్లకే. పిల్లలకు ఇది ఉపన్యాసంలా కాకుండా మామూలుగా చెప్పండి, వాళ్లకే అర్థమవుతుంది.

వీసా అన్నది ఫెడరల్ వ్యవహారం, రాష్ట్ర చట్టం ఇమిగ్రేషన్ అధికారుల్ని కట్టడి చేయదు. డ్రగ్స్ కేసులో శిక్ష పడితే వీసా మీద ఉన్నవాళ్లను దేశం నుంచి పంపేయొచ్చు. అరెస్టు, శిక్ష దాకా పోకుండా రాష్ట్ర చట్టం ఆపుతుంది కాబట్టి ఫోన్ చేయడమే మేలు. 911లో చెప్పాల్సింది చిరునామా, “ఊపిరి ఆడటం లేదు, పలకడం లేదు”, ఇచ్చిన స్ప్రేలు ఎన్ని. అంబులెన్సు వాళ్లకు మాత్రం ఏం తీసుకున్నాడో తెలిసినంత నిజం చెప్పాలి. తర్వాత పోలీసులు ప్రశ్నలు వేస్తే లాయరుతో మాట్లాడి చెబుతాననే హక్కుంది. వీసా గురించి కమిటీ సలహాలు ఇవ్వకూడదు, ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికి పంపండి.

ఇందూరు_సైకియాట్రీ:
ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఉంటారన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇందులో సగం మన ఊళ్లకు పనికిరాదు, ఎందుకో చెప్పాలి.

తెలంగాణలో మోతాదు మించి పోయేవాళ్లని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఫెంటనిల్ కాదు, కల్తీ కల్లు. చెట్టు కల్లు చాలనప్పుడు నీళ్లలో ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులు కలిపి అమ్ముతారు. ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, నమూనాల్లో ఆల్ప్రాజోలం దొరికింది. వీటికి నలోక్సోన్ పనిచేయదు. కొడితే నష్టం లేదు, ప్రయోజనమూ లేదు. ఇక్కడ కాపాడేది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఊపిరి, 108. ఫ్లూమాజెనిల్ అనే విరుగుడు ఉంది కదా అని జూనియర్ డాక్టర్లు అడుగుతారు. రోజూ తాగేవాడికి అది ఇస్తే ఫిట్స్ మొదలై ఆగకపోవచ్చు, జోలికి పోవద్దు. క్లోరల్ హైడ్రేట్ ఉంటే గుండె లయ తప్పుతుంది, అలాంటివాళ్లకు అడ్రినలిన్ ప్రమాదం, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ కావాలి. కాబట్టి 108 వాళ్లకు “కల్లు తాగాడు” అని ఊరుకోకుండా ఎన్ని సీసాలు, ఎన్ని గంటలకు, దానితో పాటు సారాగానీ మాత్రలుగానీ తీసుకున్నాడా చెప్పాలి. కల్లు మిగిలి ఉంటే సీసా ఆస్పత్రికి పట్టుకురావాలి.

దీనికి ఇంకో వైపు ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూయిస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, నిద్రలేమి, పొంతనలేని మాటలు, ఫిట్స్. 2015లో దాడులు జరిగినప్పుడు జిల్లా ఆస్పత్రుల ముందు ఇలాంటివాళ్లు బారులు తీరారు. ఎక్సైజ్ వాళ్లు దాడికి వెళ్లే ముందు వైద్యశాఖకు చెప్పాలి. ఆ మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డయాజెపాం నిల్వ పెట్టాలి, మొదట సరిపడా ఇచ్చి వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. దాడి ఒక శాఖది, ఫిట్స్ ఇంకో శాఖవి అన్నట్టు ఉంటే మనిషి మధ్యలో పోతాడు.

నల్లమందు జాతి విషయానికొస్తే ఇక్కడ ట్రమడాల్. 2018 ఏప్రిల్ నుంచి అది ఎన్‌డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కిందికి వచ్చింది. మోతాదు మించితే ఊపిరి తగ్గడంతో పాటు ఫిట్స్ కూడా వస్తాయి, నలోక్సోన్ పాక్షికంగానే పనిచేస్తుంది. మన ఆస్పత్రుల్లో నలోక్సోన్ ఇంజెక్షన్‌గానే వాడతారు, మిల్లీలీటరుకు 0.4 మిల్లీగ్రాములు. ఆంపూల్ క్యాజువాల్టీ ట్రేలో ఉండాలి, స్టోర్ రూమ్ తాళం వెనక కాదు. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవాళ్లకు ఎన్‌డీపీఎస్ సెక్షన్ 64ఏ కింద రక్షణ ఉందని చాలా కుటుంబాలకు తెలియదు. డీ-అడిక్షన్ సలహాకు 14446 టోల్ ఫ్రీ.

ఎడిసన్‌లో ఉన్న తల్లిదండ్రులకు ఒక్క మాట: మోకాళ్ల నొప్పులకని తెచ్చుకున్న ట్రమడాల్, నిద్రకని తెచ్చుకున్న ఆల్ప్రాజోలం ఒకే రాత్రి వేసుకోకూడదు. రెండూ ఊపిరినే తగ్గిస్తాయి. మనవళ్లు తిరిగే ఇంట్లో అవి హ్యాండ్‌బ్యాగులో కాకుండా తాళం వేసిన పెట్టెలో ఉండాలి. పసిపిల్లలకు ఒక్క మాత్ర చాలు.

ఫార్మసీ_కౌంటర్:
డాక్టర్ గారు చెప్పినదానికి తోడు: పిల్లలు ఏదైనా మింగారని అనుమానం వస్తే, స్పృహలోనే ఉంటే, పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222. పలకకపోతే నేరుగా 911.

ఎడిసన్_కమిటీ:
స్లైడ్లు 32 నుంచి 6కి దించాను. గురక గుర్తులకు 10 నిమిషాలు. ఖాళీ ట్రైనర్ స్ప్రేతో, బొమ్మ మీద ఊపిరితో ప్రతి ఒక్కరూ చేసి చూడటానికి 20. చట్టానికి 5. ఇంటి మందులకు, చికిత్సకు ఎవరిని అడగాలో చెప్పడానికి 5. నలోక్సోన్ పెట్టెను లాండ్రీ గది గోడకి తగిలిద్దామనుకుంటున్నాం, తాళం వేయాలా?

ఎమర్జెన్సీ_నర్సు:
తాళం వద్దు. లాండ్రీ గది కూడా వద్దు, డ్రయర్ల వేడి ఉంటుంది, రాత్రి పదికి మూసేస్తారు. మెట్ల దగ్గర, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టండి. లోపల స్ప్రేలు రెండు, ఊపిరి ఇచ్చే ఫేస్ షీల్డ్ ఒకటి, తెలుగులో పెద్ద అక్షరాలతో నాలుగు లైన్ల కాగితం, అందులో ఆ భవనం పూర్తి చిరునామా. కంగారులో ఉన్నవాడికి తన అపార్ట్‌మెంట్ నంబరే గుర్తురాదు. మూత మీద గడువు తేదీ బయటికి కనపడేలా రాయండి, నెల మొదటి తారీఖున చూసే మనిషి పేరు ఒకటి ముందే ఖాయం చేసుకోండి.